పక్కన 38 అంతస్తుల టవర్ వస్తోంది, ఉన్న ఫ్లాట్లు అమ్మేయాలా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఇంకో ఎనిమిదేళ్లు ఉద్యోగం ఉంది. నగరం నడిబొడ్డున, ఎప్పుడూ రద్దీగా ఉండే వీధిలో, ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్‌లో మాకు రెండు ఫ్లాట్లున్నాయి. మూడో అంతస్తుదాంట్లో మేముంటున్నాం, రెండో అంతస్తుది అద్దెకిచ్చాం. అప్పులేమీ లేవు. మా మొత్తం ఆస్తిలో దాదాపు 70 శాతం ఈ రెండే. ఇప్పుడు పక్కనున్న పార్కింగ్ స్థలంలో 38 అంతస్తుల నివాస టవర్‌కు దరఖాస్తు పెట్టారు. వచ్చే నెల బహిరంగ విచారణ. కోర్టుకు వెళ్దామంటూ మా అసోసియేషన్ ఇంటింటికీ చందా అడుగుతోంది. ధర పడిపోకముందే రెండూ అమ్మేయమని తమ్ముడు పోరు పెడుతున్నాడు. మరోపక్క బిల్డర్ తరఫు మనిషి వచ్చి, డబ్బంతా ఇప్పుడే కడితే పొరుగువాళ్లకు 20 శాతం తక్కువకు టవర్‌లో ఫ్లాట్ ఇస్తామని చెప్పి వెళ్లాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ నేను 70 శాతం అన్న అంకె దగ్గర ఆగిపోయాను. టవర్ వచ్చినా రాకపోయినా, మీ జీవితకాలపు సంపాదనలో మూడింట రెండొంతులకు పైగా ఒకే భవనంలో, ఒకే మెట్ల దారి మీద, ఒకే డ్రైనేజీ గొట్టం మీద ఆధారపడి ఉంది. రేపు దరఖాస్తును కొట్టేసినా ఈ ఇబ్బంది పోదు. ఎప్పటినుంచో ఉన్నదే, టవర్ పుణ్యమా అని ఇప్పుడు మీ కంటపడింది. ఈ సంగతికి చివర్లో వస్తాను.

ముందు తమ్ముడిగారి భయం. అది పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. న్యూయార్క్‌లో కొత్త ఎత్తైన భవనాల చుట్టూ 500 అడుగుల లోపు అద్దెలను షావోడీ లీ అనే పరిశోధకురాలు లెక్కగట్టారు. చుట్టుపక్కల ఇళ్ల సంఖ్య 10 శాతం పెరిగితే అద్దెలు ఒక శాతం తగ్గాయని తేలింది. అమెరికా నగరాల నడిబొడ్డున, ఆదాయాలు తక్కువున్న పేటల్లో బ్రయాన్ ఆస్క్విత్, ఇవాన్ మాస్ట్, డేవిన్ రీడ్ చేసిన అధ్యయనంలో పెద్ద కొత్త భవనాల దగ్గరి అద్దెలు, కాస్త దూరంలో ఉన్నవాటితో పోలిస్తే 5 నుంచి 7 శాతం తగ్గాయి. కారణం తేలికే: కొత్త ఇళ్లొస్తే అద్దెకుండేవాళ్లకు ఎంచుకునే వీలు పెరుగుతుంది. లీ పరిశోధనలోనే ఇంకో ముక్క కూడా ఉంది, ఆ భవనాల వెంట కొత్త రెస్టారెంట్లూ వచ్చాయని. ఆ కళ ధరల్ని కొంత పైకి లాగుతుంది, అయినా మొత్తం మీద తగ్గుదలదే పైచేయి అయింది. అంటే మీ అద్దె ఫ్లాట్‌కు దెబ్బ తగలొచ్చు, కానీ అది కొంపలు మునిగే దెబ్బ కాదు. (ఊరి కోణంలో చూస్తే అద్దెలు తగ్గడం మంచి వార్తే. కానీ మీరు అడిగింది మీ జేబు గురించి.)

ఒక లెక్క వేద్దాం. అంకెలు నా ఊహ, మీవి వేసుకుని సరిచూసుకోండి. ఫ్లాట్ విలువ 100 అనుకుంటే ఏడాది అద్దె 3 వస్తోందనుకుందాం. నిర్మాణం నాలుగేళ్లు సాగింది. దుమ్ము, చప్పుడు, రోడ్డు మీద లారీలు. అద్దె 15 శాతం తగ్గించాల్సి వచ్చింది, మధ్యలో ఆరు నెలలు ఇల్లు ఖాళీగా ఉంది. 48 నెలల్లో 42 నెలలు మాత్రమే, అదీ 85 శాతం అద్దె. మొత్తం నష్టం సుమారు పన్నెండు నెలల అద్దె, అంటే 3. ఇప్పుడు రెండో వైపు చూడండి. కంగారులో అమ్మి మరోచోట కొంటే పన్ను, బ్రోకరేజి, రిజిస్ట్రేషన్, మరమ్మతులు కలిపి 8 పోయాయనుకోండి, అది దాదాపు రెండేళ్ల ఎనిమిది నెలల అద్దె. నిర్మాణపు దుమ్ముకు భయపడి అమ్మితే, ఆ దుమ్ము కంటే అమ్మకమే ఎక్కువ ఖర్చు. పైగా దరఖాస్తు నోటీసు వీధిలోనే వేలాడుతుంటే కొనేవాడికి మాత్రం కనబడదా? ఆ వార్త ధరలోకి ఈపాటికే కొంత ఎక్కి ఉంటుంది. "ఎవరికీ తెలియకముందే" అన్న గడువు ఎప్పుడో దాటిపోయింది.

అద్దె సంగతి వేరు, వెలుగు సంగతి వేరు. అద్దె మళ్లీ పుంజుకోవచ్చు, ఎదురుగా గోడ లేచి పోయిన ఎండ మళ్లీ రాదు. చాలామంది ఎండ తమ హక్కు అనుకుంటారు. 1959లో ఫ్లోరిడాలో ఫౌంటెన్‌బ్లో హోటల్ 14 అంతస్తుల కొత్త భాగం కడుతుంటే, చలికాలం మధ్యాహ్నాల్లో తమ ఈతకొలను మీద నీడ పడుతుందని పొరుగునున్న ఈడెన్ రాక్ హోటల్ కోర్టుకెక్కింది. పొరుగువాడి స్థలం మీదుగా వచ్చే ఎండ మీద మీకు హక్కు లేదని అప్పీలు కోర్టు తేల్చేసింది. ఇంగ్లండ్‌లో పరిస్థితి వేరు. ఒక కిటికీకి 20 ఏళ్లు అడ్డు లేకుండా వెలుగు వస్తే 1832 నాటి చట్టం కింద హక్కు ఏర్పడే వీలుంది. మీరున్న చోట ఏది చెల్లుతుందో ఒక న్యాయవాదిని గంటసేపు కూర్చోబెట్టుకుని అడగండి. చందా కన్నా ఆ గంట ఫీజు చవక. ఇలాంటి దరఖాస్తులతో చాలాచోట్ల నీడ ఎక్కడెక్కడ పడుతుందో చూపే పటాలు జతచేస్తారు. అవి తీసి, ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే రోజున మీ కిటికీ మీద నీడ ఎన్ని గంటలుంటుందో చూడండి. ఇరవై నిమిషాల్లో దాటిపోయే సన్నటి నీడ ఒకటి, పొద్దంతా కదలని నీడ ఇంకొకటి. రెండోదయితే నా సలహా మారుతుంది.

అసోసియేషన్ సమావేశంలో ఎవరూ అనని మాట ఒకటి చెబుతాను. అపార్ట్‌మెంట్‌లో కట్టడం ఏటా పాతబడుతుంది, విలువ నిలబెట్టేది దాని కింది నేల. ఐదంతస్తుల భవనంలో మీ రెండు ఫ్లాట్లకు వచ్చే భూమి వాటా, 38 అంతస్తుల టవర్‌లో అంతే ఫ్లాట్లకు వచ్చే వాటా కంటే ఎన్నో రెట్లు పెద్దది. పక్క స్థలంలో 38 అంతస్తులకు అనుమతిస్తే, రేపు మీ స్థలంలోనూ ఎత్తు కట్టనిస్తారేమో అన్న ఆశ నేల ధరలోకి చేరుతుంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ 2016లో నివాస భూమిలో దాదాపు ముప్పాతిక భాగంలో ఎక్కువ ఇళ్లు కట్టుకోనిచ్చింది. ఆ తర్వాత, తిరిగి కట్టడానికి బాగా వీలున్న స్థలాల విలువ, అప్పటికే కిక్కిరిసి కట్టిన వాటికంటే పెరిగింది. అంటే మీ చందా మీ నేల ధరతోనే కొట్లాడుతుండవచ్చు. అలాగని గాల్లో మేడలు కట్టకండి. ఆక్లండ్‌లో లాభపడింది పెద్ద జాగాలో చిన్న ఇల్లున్నవాళ్లు. మీ భవనం కూల్చి కట్టాలంటే కొన్నిచోట్ల అందరి సంతకాలూ కావాలి, అలాంటిచోట పై అంతస్తు ఆయన ఒక్కడు మొండికేస్తే పదేళ్లు గడిచిపోతాయి. ఈ ఆశకు లెక్కలో సున్నా వేసుకోండి, వస్తే వచ్చినట్టు.

బిల్డర్ మనిషి చెప్పిన బేరం గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. అనుమతే రాలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. 100 విలువైన ఫ్లాట్‌కు ఈరోజు 80 కడతారు, తాళాలు ఐదేళ్లకు వస్తాయి. ఆ 80ని ఏడాదికి 5 శాతం వచ్చేచోట పెట్టినా ఐదేళ్లకు 102 అవుతుంది. 20 శాతం తగ్గింపు మీ డబ్బుకు రావాల్సిన వడ్డీయే, కొత్తగా ఎవరూ మీకేమీ ఇవ్వడం లేదు. ఆ పైన టవర్ పూర్తికాని ముప్పంతా మీ నెత్తినే. బ్యాంకాక్ నడిమధ్య సాథోర్న్ యునిక్ అనే 49 అంతస్తుల నివాస టవర్ 1997 ఆర్థిక సంక్షోభంలో పని ఆగిపోయి దశాబ్దాల పాటు మొండిగోడలతో నిలబడిపోయింది. 2022లో చైనాలో పూర్తికాని ఫ్లాట్లకు ఈఎంఐలు కట్టబోమని కొన్నవాళ్లే మొరాయించారు. పైగా మీ 70 శాతం గొడవ తగ్గాల్సింది పోయి, పక్క గోడ దాకా పాకుతుంది. ఆ మనిషికి నమస్కారం పెట్టి పంపించండి.

పూర్తయ్యాక కొందామన్నా నేను వెనక్కే లాగుతాను. ఎత్తు పెరిగేకొద్దీ లిఫ్టులు, నీళ్లు పైకి తోడే పంపులు, అగ్నిమాపక ఏర్పాట్లు, బయటి గోడల పని అన్నీ ఖరీదవుతాయి, అన్నీ ఒకేసారి పాతబడతాయి. నేనూ ఒక పదిహేనంతస్తుల భవనంలో తొమ్మిదిలో ఉంటాను. లిఫ్టు మార్చడానికి ఎవరెంత ఇవ్వాలన్న చర్చ రెండేళ్లు సాగింది, ఆ రెండేళ్లూ నా మోకాళ్లు సాక్ష్యం. ఇది నవ్వుకునే సంగతి. నవ్వలేనిది ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌ది. 1981లో కట్టిన 12 అంతస్తుల చాంప్లెయిన్ టవర్స్ సౌత్‌లో మరమ్మతులకు కోటిన్నర డాలర్లు కావాలంటే, యజమానుల మధ్య తర్జనభర్జనలతో ఏళ్లు గడిచాయి. పని పూర్తికాకుండానే 2021 జూన్ 24న భవనంలో పెద్ద భాగం కూలి 98 మంది చనిపోయారు. మీ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌కూ ఇది వర్తిస్తుంది. మీ అసోసియేషన్ ఖాతాలో మరమ్మతుల నిధి ఎంతుందో ఈ వారమే కనుక్కోండి. కోర్టు ఖర్చుకు సై అంటున్న సంఘం దగ్గర స్లాబు మరమ్మతుకు డబ్బుందా లేదా అన్నది నాకు పెద్ద అనుమానం.

ఇక చందా. టవర్ రావాలా వద్దా అన్నది ఊరి ప్రశ్న, ఓటున్న ప్రతివాళ్లూ మాట్లాడవచ్చు. ఉద్యోగాలకు దగ్గర్లో ఇళ్లు పెరగడం నా దృష్టిలో తప్పేమీ కాదు, మీరు వద్దనుకున్నా నాకు అభ్యంతరం లేదు. కానీ పెట్టుబడిగా చూస్తే, టవర్‌ను పూర్తిగా ఆపే దావా మీకు నష్టపు బేరం. గెలిస్తే యథాస్థితి. ఓడితే టవర్ వస్తుంది, డబ్బు పోతుంది, కొన్నిచోట్ల అవతలివాళ్ల కోర్టు ఖర్చులూ మీద పడతాయి. తేలేదాకా ఏళ్ల తరబడి కొనేవాళ్లూ అద్దెకొచ్చేవాళ్లూ తటపటాయిస్తారు. అందుకే చందా ఇస్తే ఒక్కసారే, ఒక నెల అద్దెకు మించకుండా ఇవ్వండి. "ఖర్చంతా సమానంగా భరిస్తాం" అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

ఆ డబ్బు ఇంజినీరుకు వెళ్తే ఇంకా మేలు. పాత భవనం పక్కన నాలుగైదు సెల్లార్ల లోతు తవ్వి, నీళ్లు ఊరకుండా రోజుల తరబడి తోడేస్తే, చుట్టుపక్కల నేల కుంగే ప్రమాదముంది. పగులు కనబడ్డాక "ఇది ఎప్పటినుంచో ఉన్నదే" అని బిల్డర్‌వాళ్లంటారు, "మీ తవ్వకం వల్లే" అని మీరంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2009లో పూర్తయిన 58 అంతస్తుల మిలీనియం టవర్ సుమారు 40 సెంటీమీటర్లు కుంగిందని 2016లో బయటపడినప్పుడు జరిగిందిదే. పక్క రవాణా కేంద్రం తవ్వకమూ, నీళ్లు తోడటమూ కారణమని టవర్ కట్టినవాళ్లన్నారు. పునాది గట్టి రాతి దాకా వెయ్యకపోవడమే కారణమని రవాణా కేంద్రంవాళ్లన్నారు. రాజీ కుదిరేసరికి 2020 వచ్చింది. అందుకని మొదటి పార దిగకముందే స్వతంత్ర ఇంజినీరు చేత మీ భవనమంతా, పునాది నుంచి వాటర్ ట్యాంకు దాకా, తేదీలతో ఫొటోలు తీయించి నివేదిక రాయించండి. ఉన్న పగుళ్ల దగ్గర కొలత గుర్తులు పెట్టించండి. ఆ ఖర్చు బిల్డరే భరించాలని, తవ్వకం సాగినన్నాళ్లూ కంపనాలు కొలవాలని, రాత్రి పనులుండవని అనుమతి షరతుల్లోనే రాయమని విచారణలో అడగండి. ఇది గొంతెమ్మ కోరికేం కాదు. ఇంగ్లండ్‌లో 1996 పార్టీ వాల్ (ఉమ్మడి గోడల) చట్టం ప్రకారం పొరుగు కట్టడానికి 3 మీటర్ల లోపు దాని పునాది కంటే లోతుగా తవ్వాలంటే ముందు నోటీసివ్వాలి. మీ ఇంటి బీమా పాలసీలో పక్క తవ్వకం వల్ల నేల కుంగితే పరిహారం ఉందో లేదో కూడా చూడండి, చాలా పాలసీల్లో అక్కడే మెలిక ఉంటుంది.

మళ్లీ ఆ 70 శాతానికి. రెండో అంతస్తు ఫ్లాట్ అమ్మండి, కానీ తీరిగ్గా. రెండేళ్ల గడువు పెట్టుకోండి, మామూలు ధర వచ్చిన రోజున ఇచ్చేయండి. టవర్ దరఖాస్తు సంగతి కొనేవాళ్లకు మీరే ముందు చెప్పండి, తర్వాత గొడవలుండవు. వచ్చిన డబ్బులో ఒకటిన్నర ఏళ్ల ఇంటి ఖర్చులు డిపాజిట్లలో ఉంచి, మిగతాది సగం భద్రమైన బాండ్లలో, సగం ఇండెక్స్ ఫండ్లలో (స్టాక్ మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిటిలో కొంచెం కొంచెం పెట్టేవి), ఒక్కసారిగా కాకుండా ఏడాది పాటు నెలనెలా పెట్టండి. ఇంకో ఎనిమిదేళ్లలో మీకు జీతం ఆగుతుంది. అప్పుడు మందులకు డబ్బు కావాలంటే పడకగది ఒక్కటీ కోసి అమ్మలేరు కదా. అమ్ముడుపోయేదాకా ఏడాది అద్దెంత మొత్తం పక్కన పెట్టుకుంటే, పైన వేసిన లెక్కలోని నష్టం మీ నిద్ర చెడగొట్టదు.

మూడో అంతస్తులో మీరుంటున్నదాన్ని ఇప్పుడే కదిలించొద్దు. నీడ పటాలు తెచ్చాక, మీ గదుల కిటికీలు ఏ దిక్కుకున్నాయో, ఏ నెలలో ఎన్ని గంటల ఎండ పోతోందో రాసి పంపండి. ఆ ఫ్లాట్ లెక్క అప్పుడు వేద్దాం.