మొదటి మనిషి పక్కన ఉన్నవాళ్లు

చిరంజీవికి,

నీ స్క్రిప్టు చదివాను. నేవీలో మొట్టమొదటి మహిళా డైవర్ అంటూ హీరోయిన్‌ని పెట్టావు. విశాఖలో పెరిగిన పిల్లకి ఇలాంటి కథ తట్టకపోతేనే ఆశ్చర్యం. డైలాగులు బాగున్నాయి, సముద్రం ఇంకా బాగుంది. చిక్కల్లా ఒకటే, ఆమె పక్కన మనుషుల్లేరు. ఉన్న నలుగురూ ఆమెని ఏడిపించడానికే ఉన్నారు.

కల్పించొద్దని నేననను. కల్పన లేకుండా సినిమా ఎక్కడిది? కానీ జరిగినదాంట్లో ఎవరి వాటా వాళ్లకుంటుంది. హీరోని పెంచడానికి పక్కవాళ్ల వాటా లాక్కుంటేనే గొడవ.

మన ఊరి సంగతే చూడు. 2017లో వచ్చిన ‘ఘాజీ’లో మన ఎస్‌-21 సబ్‌మెరైన్ పాకిస్తాన్ సబ్‌మెరైన్‌ని వెంటాడి ముంచేస్తుంది. టెన్షన్ బాగా పండింది, నేనూ ఊపిరి బిగబట్టి చూశాను. అయితే 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి వేళ విశాఖ బయట ఘాజీ మునిగింది మన నేవీ లెక్క ప్రకారం ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక వేసిన డెప్త్ చార్జీలకి, అంటే నీళ్లలో పేలే బాంబులకి. పాకిస్తాన్ లెక్కలో తను సముద్రంలో పరిచిన మైన్లనే పేలుడు ఉచ్చుల వల్లో, లోపలి పేలుడు వల్లో. రెండు లెక్కల్లోనూ మన సబ్‌మెరైన్ లేదు. ఇప్పటికీ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ ఎక్కి ‘ఘాజీని ముంచింది ఇదేనా’ అని అడిగేవాళ్లుంటారు. ఆ యుద్ధంలో కుర్సురా ఉన్నది అరేబియా సముద్రంలో!

నాకు బాధ ఎక్కడంటే, అసలు కథలో ఇంకా మంచి సీన్లున్నాయి. ఘాజీ వచ్చింది మన విమాన వాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌ని అండమాన్ వైపు దాచేసి, అది విశాఖలోనే ఉందని నమ్మించాడు తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఇక్కడి కాంట్రాక్టర్లకి మాంసం, కూరగాయలు భారీగా ఆర్డరిచ్చారు, గూఢచారుల చెవిన పడాలని. విక్రాంత్ నావికుడెవరో జబ్బుపడిన తల్లి ఎలా ఉందని అడిగినట్టు రాజ్‌పుత్ నుంచి ఒక సందేశం పంపారు, కోడ్ లేకుండా. ఆ లేని తల్లి మీద ఎంత సినిమా తియ్యొచ్చో ఆలోచించు.

2020లో కార్గిల్ యుద్ధంలో హెలికాప్టర్ నడిపిన గుంజన్ సక్సేనా మీద సినిమా వచ్చినప్పుడు గొడవ ఇంకో రకం. తమని చూపించిన తీరు బాగాలేదని వైమానిక దళం సెన్సార్ బోర్డుకి రాసింది. తోటి పైలట్ శ్రీవిద్యా రాజన్ అయితే ఉధంపూర్‌కి తామిద్దరం కలిసే వెళ్లామని, కార్గిల్‌కి ముందు పంపింది తననేనని చెప్పారు. సంస్థ తన మీద వివక్ష చూపలేదని గుంజన్ కూడా కోర్టుకి చెప్పారు. ఇద్దరమ్మాయిల కథ ఒక్కరిదైపోయింది.

కల్పన ఎవరికీ నష్టం చెయ్యని చోటు కూడా చెబుతాను. ‘మెన్ ఆఫ్ ఆనర్’ అనే హాలీవుడ్ సినిమా చూడు. అందులో హీరో కార్ల్ బ్రషీర్ నిజం మనిషి, అమెరికా నేవీ డైవర్లలో పై హోదా అయిన మాస్టర్ డైవర్‌ని అందుకున్న తొలి నల్లజాతి మనిషి. 1966లో స్పెయిన్ దగ్గర సముద్రంలో పడిన హైడ్రోజన్ బాంబుని పైకి తీసే పనిలో కాలు నుజ్జయింది, మోకాలి కింద తీసేశారు. 1968లో కృత్రిమ కాలుతోనే మళ్లీ డైవరయ్యాడు. సినిమాలో అతన్ని పీడించే బిల్లీ సండే అనేవాడు లేనే లేడు, కొందరిని కలిపి అల్లిన పాత్ర. అందుకే ‘నన్నే అన్నారు’ అని నొచ్చుకునే మనిషి లేడు. క్లైమాక్స్‌లో డైవింగ్‌కి పనికొస్తానని నిరూపించుకోమని బరువైన డైవింగ్ సూటుతో కోర్టులో పన్నెండు అడుగులు వేయించారు, అదీ అల్లికే. నిజంలో అతను పరిగెత్తి వచ్చేసరికి కృత్రిమ కాల్లో రక్తం నిలిచి ఉండేదట. డాక్టర్ దగ్గరికెళ్తే పక్కన పెట్టేస్తారని, ఎక్కడో దాక్కుని ఉప్పు వేసిన వేడినీళ్ల బకెట్‌లో కాలు ముంచుకుని, మర్నాడు మళ్లీ పరుగు. ఆ బకెట్ ముందు కోర్టు సీన్ నాకు ఆనదు.

ఇక నీ స్క్రిప్టు. విలన్ కమాండర్‌ని ఉంచుకో, కానీ అతని భుజానికి నిజంగా ఉన్న యూనిట్ పేరు తగిలించకు. ట్రైనింగ్‌లో ఉన్న రెండో అమ్మాయిని మూడో సీన్‌కే ఇంటికి పంపేశావు, వెనక్కి పిలు. డైవర్ కిందికి దిగితే పైన తాడు పట్టుకుని ఒకడుంటాడు, టెండర్ అంటారు. తాడు ఎన్నిసార్లు లాగారన్నదే వాళ్ల మాట. నీ క్లైమాక్స్‌లో ఆమె ప్రాణం ఆ తాడు మీదే ఉంది, పట్టుకున్నవాడి ముఖం ఒక్కసారీ కనబడదు.

కుర్సురాలో గైడ్లు రిటైరైన నేవీ వాళ్లే. రద్దీ లేనప్పుడు వెళ్లి, పక్కన డ్యూటీ చేసినవాళ్ల గురించి అడుగు. క్లైమాక్స్ మళ్లీ రాసి, ప్రింటు తీసి పంపు. ఫోన్లో చదవడం నా కళ్ల వల్ల కాదమ్మా.

ఆశీస్సులతో,
మాస్టారు
విశాఖపట్నం