పెరగవా, పెరుగుతలేవా?

సందేహం: మా బడిలో సైన్స్ ప్రదర్శన కోసం పిల్లలతో మట్టి మీద ఒక చార్టు చేయించాం. ‘నేలలోని సూక్ష్మజీవుల్లో 99 శాతం ప్రయోగశాలలో పెరగవు’ అని నేను రాయించాను. తోటి సారు ఒకాయన ‘పెంచలేము’ అని దిద్దారు. హెడ్మాస్టరు గారు రెండూ కాదు, ‘పెంచబడవు’ అనాలన్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి మొదట ‘పెరుగుతలేవు’ అని రాస్తే, మాట్లాడే భాష చార్టు మీద వద్దని నేనే కొట్టేశాను. ఏది సరైనది?
– ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ

సమాధానం: మీరు కొట్టేసిన మాటే అన్నిటికన్నా నిజానికి దగ్గరగా ఉంది.

మీ వైపు రైతు చెల్కలో పత్తి గింజలు పెట్టి, వారం తర్వాత చూసి ‘గింజలు మొలుస్తలేవు’ అన్నాడనుకోండి. అది కంటితో చూసిన సంగతి. పదును చాలలేదేమో, లోతుకు పడ్డాయేమో, ఇంకో వాన పడితే లేస్తాయేమో. అదే రైతు ‘ఈ గింజలు మొలవవు’ అంటే అది తీర్పు. గింజలోనే లోపముంది, దుకాణానికి వాపసు పట్టుకుపోవలసిందే. ‘పెరగవు’, ‘మొలవవు’ వంటి రూపాలు నిన్నటి మాటో నేటి మాటో చెప్పవు, స్వభావాన్ని చెబుతాయి. పులి గడ్డి మేయదు, రాయి నీటిలో తేలదు. వ్యాకరణంలో తద్ధర్మం అనే పేరు ఇలాంటి వాటికే. కాబట్టి ‘ప్రయోగశాలలో పెరగవు’ అని రాస్తే, పెరగకపోవడం ఆ జీవుల గుణం అని చదివినవారు అనుకుంటారు. అది నిజమా?

ఒక గ్రాము మట్టిని నీళ్లలో కలిపి, పలచన చేసి, రంగు అద్ది మైక్రోస్కోపు కింద లెక్కపెడితే కణాల లెక్క కోట్లలో తేలుతుంది. మంచి మట్టి అయితే వంద కోట్లూ దాటవచ్చు. అదే నీళ్లను అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే, జెల్లీలా గడ్డకట్టే పదార్థం) పళ్లెం మీద పూసి, మొలిచిన చుక్కలను (ఒక్కో చుక్క ఒక్కో కణం నుంచి పెరిగిన గుంపు) లెక్కపెడితే చాలాసార్లు నూటికి ఒకటి కూడా రాదు. ఈ తేడాకు 1985లో స్టేలీ, కొనోప్కా అనే శాస్త్రజ్ఞులు ‘గ్రేట్ ప్లేట్ కౌంట్ అనామలీ’ అని ఒక పేరే పెట్టారు. మీ 99 శాతం ఆ లెక్క నుంచి వచ్చిందే. అది అన్ని నేలలకూ ఒకేలా వర్తించే అంకె కాదు. మైక్రోస్కోపు కింద కనబడేవాటిలో చచ్చినవీ, నిద్రాణంగా ఉన్నవీ ఉంటాయి. ‘సుమారు’ అన్న మాట తప్పకుండా చేర్చండి.

ఎందుకు పెరగడం లేదన్నది అసలు ప్రశ్న. పళ్లెంలో పోసే యానకంలో మాంసరసం, పెప్టోన్ వంటివి దండిగా ఉంటాయి. నేలలో బతుకు అలా ఉండదు. అక్కడ చాలా జీవులు అరకొర తిండితో, చాలా మెల్లగా విభజన చెందుతూ బతుకుతాయి. పళ్లెంలో తిండి చూడగానే నాలుగు దూకుడు జాతులు రెండు రోజుల్లో అంతా ఆక్రమిస్తాయి. మెల్లగా పెరిగేవి కంటికి కనబడేలోగా మనం పళ్లెం పారేస్తాం. కొన్నింటికి పక్కనున్న వేరే జీవి వదిలే పదార్థం కావాలి. ఇనుమును పట్టి తెచ్చే అణువులను సొంతంగా చేసుకోలేక, పొరుగువాటివి వాడుకునే బాక్టీరియాలు ఉన్నాయి. ఒక్కదాన్నే వేరుచేసి పెట్టామంటే దానికి ఆ పొరుగు లేకుండా చేసినట్టే.

అగార్ సంగతి ఇంకా తమాషా. 2014లో జపాన్ పరిశోధకులు గమనించిందేమిటంటే, ఫాస్ఫేటును, అగార్‌ను కలిపి ఆటోక్లేవులో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే పాత్రలో) కాచితే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. రెండిటినీ విడివిడిగా కాచి తర్వాత కలిపితే ఎక్కువ చుక్కలు మొలిచాయి. అంటే మనం వండిన తిండిలోనే విషం పుట్టించి, అవి ‘పెరగవు’ అని వాటి మీద రాశామన్నమాట! అంతకు చాలా ముందే, 1890లో వినోగ్రాడ్‌స్కీ అనే సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడికి ఇలాంటి చిక్కే ఎదురైంది. అమ్మోనియాను మార్చే బాక్టీరియా (మీ పొలాల్లో చల్లే యూరియా పంటకు నైట్రేటుగా అందడంలో పని వీటిదే) మామూలు యానకం మీద రాలేదు. ఆయన సేంద్రియ పదార్థమే లేని సిలికా జెల్ వాడాడు. అప్పుడు వచ్చాయి.

బోస్టన్‌లోని నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో దారి తొక్కారు. జీవిని మట్టి నుంచి ప్రయోగశాలకు తేవడం కాదు, పళ్లేన్నే మట్టిలోకి పంపారు. ఐచిప్ అనే చిన్న పలకకు వందల సన్నని రంధ్రాలుంటాయి. ఒక్కో రంధ్రంలో ఒక్కో కణం పడేలా మట్టి నీళ్లు పలచన చేసి నింపి, రెండు వైపులా పొర అంటించి, తిరిగి ఆ మట్టిలోనే పాతిపెడతారు. నేలలోని పోషకాలు పొర గుండా లోపలికి వస్తాయి, కణం మాత్రం బయటికి పోదు. ఇలా చేస్తే సగం దాకా పెరిగాయని వాళ్లు ప్రకటించారు. 2015లో వెలుగుచూసిన టీక్సోబాక్టిన్ అనే యాంటీబయాటిక్ అలా పెంచిన బాక్టీరియా నుంచి వచ్చిందే. ‘పెరగవు’ అనుకున్నవి పెరిగాయి గనక ఆ క్రియ ఇక్కడ చెల్లదు.

సారు దిద్దిన ‘పెంచలేము’ ఇంతకన్నా నయం. చేతకానిది మనకే అని ఒప్పుకుంటుంది. కానీ ఎప్పటికీ కుదరదన్న ధ్వని దానిలోనూ ఉంది. ‘పెంచలేకపోతున్నాం’ అంటే ఆ ధ్వని పోతుంది. పేరుగా రాయాల్సి వస్తే ‘పెంచలేని సూక్ష్మజీవులు’ వద్దు, ‘ఇంతవరకు పెంచని సూక్ష్మజీవులు’ అనండి. ‘పెంచబడవు’ గురించి ఎక్కువ చెప్పను. కర్త ఎవరో దాచడం తప్ప దాని వల్ల ఒరిగేదేమీ లేదు, చెవికీ ఇంపుగా లేదు. ఎవరైనా ‘పెంచరాదు’ అని సూచిస్తే అసలే ఒప్పుకోకండి. ‘భరింపరాని’ వంటి మాటల్లో అది ‘సాధ్యం కాని’, ‘పొగ తాగరాదు’ బోర్డు మీద ‘కూడదు’, మీ నల్గొండలో ‘జర కూసోరాదు’ అంటే బతిమాలడం. చార్టు చూసి పిల్లలు బాక్టీరియాను పెంచమంటున్నారనుకుంటారు!

‘పెరగవు’ నిక్కచ్చిగా అతికే చోటు కూడా నేలలోనే ఉంది. పాలమూరు పల్లి చేలో మొక్క పీకి, వేరు బుడిపె గిల్లితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. దానిలోని రైజోబియం వంటి బాక్టీరియాను ఫ్లాస్కులో పెంచి ప్యాకెట్లలో అమ్ముతున్నారు. వేరులోకి చొచ్చుకుపోయే వామ్ శిలీంద్రం అలా కాదు, కొవ్వు పదార్థాలకు మొక్క మీదే ఆధారపడుతుంది. అందుకే దాన్ని జొన్న, మక్క వేళ్ల మీద పెంచుతారు. ‘వామ్ శిలీంద్రాలు మామూలుగా వేరు తోడు లేనిదే పెరగవు’ అని ధైర్యంగా రాయవచ్చు.

మీ చార్టుకు నా పాఠం ఇది: ‘నేలలోని సూక్ష్మజీవుల్లో సుమారు 99 శాతం మామూలు పద్ధతుల్లో ప్రయోగశాలలో పెరగడం లేదు.’ ఆ అమ్మాయి రాసిన ‘పెరుగుతలేవు’కు రాత భాషలో సాటి వచ్చేది ఇదే. ఆ అమ్మాయి మాటనే ఉంచినా నాకు అభ్యంతరం లేదు, నల్గొండ జిల్లాలో అర్థం కానివాళ్లు ఎవరుంటారు? ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. ‘99 శాతం పెరగదు’ అనాలా, ‘పెరగవు’ అనాలా అని మరొకరు అడగబోతారు. ‘లేదు’ ఇక్కడ ‘పెరగడం’తో కలుస్తుంది కాబట్టి ఆ పేచీ రాదు.