అడిగింది మీరు, చెప్పేది మేము: పొంపదూర్ కోట, అక్కడి గుర్రాలు

ప్రశ్న: మా అమ్మాయి ఫ్రాన్స్‌లో లిమోజ్ అనే ఊళ్లో చదువుతోంది. వేసవిలో మేము వెళితే దగ్గర్లో పొంపదూర్ అనే పల్లెటూరు చూపిస్తానంటోంది. కోట ఉందట, బోలెడన్ని గుర్రాలు ఉన్నాయట. రాజుగారి ప్రియురాలు మేడమ్ ద పొంపదూర్ అని చదివాను, ఆవిడ ఊరు ఇదేనా? ఆవిడ ఉన్న గదులూ అవీ చూపిస్తారా? మా వారికి మోకాళ్ల నొప్పులు, అంత దూరం వెళ్లి తిరగడం దండగ అంటున్నారు. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఊరు అదేనమ్మా, కానీ ఆవిడ గదులు చూద్దామని మాత్రం బయల్దేరకండి. ఆవిడ ఆ కోటలో ఒక్కసారి కూడా కాలు పెట్టలేదనే అందరూ చెబుతారు. జరిగిందేమిటంటే, 1745లో 15వ లూయీ రాజుకి జాన్ ఆంత్వానెత్ ప్వాసోన్ అనే పారిస్ అమ్మాయి మీద మనసైంది. ఆమె డబ్బున్న ఇంటి పిల్లే గానీ జమీందారీ కుటుంబం కాదు, బిరుదు లేనిదే వెర్సాయ్ దర్బారులో పరిచయం చెయ్యడానికి కుదరదు. దాంతో రాజు ఎక్కడో లిముజాన్ ప్రాంతంలో ఉన్న ఈ పొంపదూర్ ఎస్టేటుని కొని ఆవిడ పేర రాసేశాడు, ఆవిడ రాత్రికి రాత్రి మార్కీజ్ అయిపోయింది. కావలసింది పేరే కాబట్టి ఊరితో ఆవిడకి పనిపడలేదు. 1760లో ఎస్టేటుని అమ్మేసింది, పేరు మాత్రం 1764లో పోయేదాకా వదల్లేదు. ఇప్పటికీ నుదుటి మీద జుట్టు పైకెత్తి దువ్వే క్రాఫుని మన సెలూన్లలో కూడా ఆ పేరుతోనే పిలుస్తారు కదా, ఊరికి మిగిలిన వాటా అంతే!

ఊరికి అసలు అన్నం పెట్టింది గుర్రాలు. ఆవిడ అమ్మిన ఎస్టేటు చేతులు మారి మళ్లీ రాజు దగ్గరికే వచ్చింది, 1761లో అక్కడ రాజుగారి గుర్రాల పెంపక కేంద్రం పెట్టారు. అంతకు ముందే లిముజాన్ గుర్రాలంటే సవారీకి మంచి పేరు, అక్కడి పచ్చిక అలాంటిది. విప్లవం వచ్చినప్పుడు, 1790లో, ఇదంతా రాచరికపు దుబారా అని మూసేశారు. తీరా యుద్ధాలు మీద పడి సైన్యానికి గుర్రాలు కరువయ్యేసరికి 1795లో మళ్లీ తెరవక తప్పలేదు. తర్వాత నెపోలియన్ 1806లో దేశమంతటా ఈ కేంద్రాలని పద్ధతిగా నిలబెట్టాడు. రాజులు పోయారు, చక్రవర్తులు పోయారు, గుర్రాల లాయం మాత్రం కదల్లేదు.

మీ వారికి చెప్పండి, నడక పెద్దగా ఉండదు. జనాభా వెయ్యి పైచిలుకు ఉన్న ఊరు, కోట నడిబొడ్డున ఉంటుంది, ఇప్పుడు కనిపించే కట్టడం ఎక్కువగా 15వ శతాబ్దం నాటిది, గుండ్రటి బురుజులు, కందకం, ఎత్తయిన గేటు. లోపల వెర్సాయ్‌లా బంగారు పూత గదులు ఉంటాయనుకుంటే నిరాశే. గుర్రాల శాఖ వాళ్లు తరాల తరబడి ఆఫీసులు పెట్టుకుని వాడుకున్న కోట అది, చూపించేది కొంత భాగమే. నా సలహా ఏమిటంటే కోట లోపలికి వెళ్లాలన్న ఆరాటం తగ్గించుకుని, రేసులు ఉన్న రోజు చూసుకుని వెళ్లండి. రేస్ కోర్సు సరిగ్గా కోట ముందే ఉంటుంది, 1830ల నుంచి అక్కడ రేసులు జరుగుతున్నాయి, అదీ మన దగ్గర చూసేలాంటి చదును ట్రాక్ మీద కాదు, కంచెలు, మట్టిగట్టులు దూకించే రేసులు. బురుజులు వెనకాల ఉండగా ఎదురుగా అరడజను గుర్రాలు ఒకేసారి గట్టు ఎక్కి అవతలికి దూకుతుంటే మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కూడా లేచి నిలబడతారు. రేసులు ఎక్కువగా జూలై నుంచి సెప్టెంబరు లోపల పెడతారు కాబట్టి మీ వేసవి అంటే మన ఏప్రిల్, మే అనుకుని టికెట్లు కొనేయకండి, అక్కడి వేసవి వేరు.

ప్రశ్న: పొంపదూర్ అంటే ఆంగ్లో అరబ్ గుర్రాలకి పుట్టిల్లు అంటారు. నేను మలక్‌పేట రేసులకి ఇరవై ఏళ్లుగా వెళుతున్నవాణ్ణి, అక్కడ పరిగెత్తేవి థరోబ్రెడ్లు. ఆ థరోబ్రెడ్‌లోనే అరబ్ రక్తం ఉంది కదా, మళ్లీ అరబ్బుని తెచ్చి కలపడమేమిటి, తిరగమోత మీద తిరగమోత? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు పందెం కాసే మనిషే అయినా వంశం కూడా చూస్తారన్నమాట, సంతోషం సార్. నిజమే, ఇంగ్లండ్ వాళ్ల థరోబ్రెడ్ వంశాలన్నీ మగవైపు తూర్పుదేశాల నుంచి తెచ్చిన మూడు గుర్రాల దగ్గరికే చేరతాయి, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్, బైర్లీ టర్క్. కానీ వందేళ్ల పైన వేగం ఒక్కటే చూసుకుని పెంచుకుంటూ పోయేసరికి ఆ గుర్రానికి పరుగు వచ్చింది, దాంతో పాటు నాజూకుతనం, చిరాకు కూడా వచ్చాయి. గుర్రప్పందేనికి అది చాలు. సైన్యానికి చాలదు. సైనికుడి గుర్రం మనిషినీ సామానునీ మోసుకుని రోజుల తరబడి నడవాలి, దొరికిన గడ్డి తినాలి, తుపాకీ పేలితే బెదరకూడదు. ఓర్పు, గట్టి కాళ్లు, తక్కువ మేతతో సరిపెట్టుకునే గుణం అరబ్బులో ఉన్నాయి, పొడుగూ వేగమూ ఇంగ్లీషు గుర్రంలో ఉన్నాయి.

19వ శతాబ్దంలో పొంపదూర్‌లో చేసింది ఈ రెండింటినీ కలిపే పని. మూలం చెప్పాలంటే రెండు మగగుర్రాలు, మూడు ఆడగుర్రాలు. మగవి మస్సూద్ అనే అరబ్బు, అస్లాన్ అనే టర్కీ గుర్రం. ఆడవి ఇంగ్లీషు థరోబ్రెడ్లు. వాటికి పుట్టిన డెల్ఫీన్, క్లోవిస్, డనాయె అనే మూడు ఆడపిల్లల నుంచి వంశం సాగింది. ఆ శతాబ్దం మధ్యలో యూజెన్ గాయో అనే అధికారి దీన్ని ఏదో ఒకసారి చేసి చూసే ప్రయోగంలా వదిలెయ్యకుండా, తరం తరానికీ లెక్కలు రాసి ఒక జాతిగా నిలబెట్టాడు.

ఆ లెక్క మీకు బాగా నచ్చుతుంది, అందుకే చెబుతున్నాను. అచ్చమైన అరబ్బుకీ థరోబ్రెడ్‌కీ పుట్టిన పిల్లలో అరబ్ రక్తం 50 శాతం కింద లెక్క. ఆ పిల్లని మళ్లీ థరోబ్రెడ్‌తో కలిపితే 25. ఇంకోసారి థరోబ్రెడ్‌తోనే కలిపితే 12.5. చాలాకాలం పాటు ఆంగ్లో అరబ్ అనిపించుకోవాలంటే కనీసం 25 శాతం ఉండాల్సిందే, అంటే వేగం మీద ఆశతో ఒక తరం ఎక్కువ ఇంగ్లీషు వైపు వెళితే పిల్ల రిజిస్టరు గీత కిందికి జారిపోతుంది. అందుకని పెంచేవాళ్లు రెండు వైపులా ఆంగ్లో అరబ్బులనే కలపడమో, మధ్యలో ఒక అరబ్బుని తేవడమో చేస్తూ శాతం కాపాడుకుంటూ వచ్చారు. మీ తిరగమోత ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. కరిగిపోతూ ఉంటుంది కాబట్టి మళ్లీ మళ్లీ వెయ్యాల్సిందే.

అశ్వదళాలు పోయాక ఈ గుర్రం ఆటల్లోకి వచ్చింది, ముఖ్యంగా ఈవెంటింగ్‌లోకి. ఒకే గుర్రం ఒక రోజు బుద్ధిగా అడుగులు వెయ్యాలి, ఇంకో రోజు కొండలూ గుట్టల్లో కందకాలు దూకాలి, ఆఖర్న మైదానంలో కర్రలు పడకుండా దాటాలి. 2004లో ఇంగ్లండ్‌లోని బ్యాడ్మింటన్ పోటీ గెలిచిన టమరిల్లో ఆంగ్లో అరబ్బే. మలక్‌పేటలో మాత్రం వీటి కోసం వెతక్కండి, చదును ట్రాక్ మీద థరోబ్రెడ్ ముందు ఇవి నిలబడలేవు.

ప్రశ్న: ప్రభుత్వమే గుర్రాలు పెంచడం ఏమిటండీ? మన దగ్గర ప్రభుత్వం ఆవుకి సూది వేయించడానికే పది రోజులు తిప్పుతుంది. – ఒక రైతు, ప్రొద్దుటూరు

జవాబు: మీ కోపం అర్థమైంది. అక్కడ ఈ పని మొదలైంది 1665లో, 14వ లూయీ మంత్రి కోల్బెర్ హయాంలో. మంచి మగగుర్రం ఖరీదు మామూలు రైతు భరించలేడు, రైతు దగ్గర మంచి పిల్లలు పుట్టకపోతే సైన్యానికి గుర్రాలు విదేశాల నుంచి కొనాలి. అందుకని మగగుర్రాన్ని సర్కారు మేపేది, రైతు తన ఆడగుర్రాన్ని తోలుకొస్తే తక్కువ రుసుముకి దాటించేవాళ్లు. పాతకాలంలో మన ఊళ్లలో దేవుడి పేర వదిలిన ఆబోతు ఊరందరి ఆవులకీ పనికొచ్చినట్టే, కాకపోతే దీనికి రిజిస్టరూ రసీదూ ఉండేవి. వసంతం రాగానే ఆ మగగుర్రాలని కేంద్రం నుంచి చుట్టుపక్కల ఊళ్లలోని స్టేషన్లకి పంపేవాళ్లు, సీజను అయ్యాక వెనక్కి తెచ్చుకునేవాళ్లు. పొంపదూర్‌లో ఆ మగగుర్రాల లాయాలు కోటకి ఎదురుగా ప్వీ మార్మోన్ అనే చోట ఉన్నాయి. ఆడగుర్రాలు, పిల్లలు ఊరికి కాస్త అవతల బెసాక్ గ్రామంలో లా రివియేర్ అనే తోటలో ఉండేవి.

ఉండేవి అంటున్నాను చూశారూ. ట్రాక్టరు వచ్చాక, సైన్యానికి గుర్రం అక్కర్లేకపోయాక, ప్రభుత్వం దీని నుంచి మెల్లగా చెయ్యి తీసేసుకుంది. 2010లో గుర్రాల శాఖనీ, సోమ్యూర్‌లోని జాతీయ సవారీ పాఠశాలనీ కలిపి ఒకే సంస్థ చేశారు, ఆ తర్వాత మగగుర్రాల సేవ ప్రైవేటు వాళ్ల చేతిలోకి వెళ్లిపోయింది. ఇది మంచిదా కాదా అంటే, నా మటుకు నాకు నష్టమే అనిపిస్తుంది, లాభం రాని అరుదైన జాతులని ప్రైవేటువాడు ఎంతకాలం మేపుతాడు చెప్పండి?

ప్రశ్న: పశువైద్యం చదువుతున్నాను. ఫ్రాన్స్‌లో ప్రతి గుర్రానికీ పాస్‌పోర్టు ఉంటుందని మా సీనియర్ అన్నాడు. నిజమా, జోకా? – ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: నిజమే తల్లీ, పైగా ఆ కాగితాల వ్యవహారమంతా నడిచేది ఈ పొంపదూర్ నుంచే. దేశంలోని గుర్రాలు, పోనీలు, గాడిదల వివరాలన్నీ ఉండే రిజిస్టరు 1976లో ఇక్కడ మొదలైంది, సైర్ అంటారు దాన్ని. మేడమ్ ద పొంపదూర్ పేరుతో ఊరు ప్రపంచానికి తెలుసు గానీ, ఫ్రాన్స్‌లో గుర్రం ఉన్న ప్రతి ఇంటికీ ఈ ఊరు తెలిసేది ఆ దస్తావేజు వల్ల.

పిల్ల ఇంకా తల్లి దగ్గర ఉండగానే అర్హత ఉన్న మనిషి వచ్చి దాని ఒళ్లంతా చూసి రాస్తాడు. నుదుటి మీద చుక్క ఉందా, ముక్కు దాకా తెల్లచార ఉందా, ఏ కాలికి ఎంత ఎత్తు తెలుపు ఉంది, ఆ తర్వాత సుడులు. మన పెద్దవాళ్లు గుర్రం కొనేటప్పుడు సుడులు చూసి ఇది కలిసొస్తుంది, ఇది రాదు అనేవాళ్లు, వాళ్లకి ఆ శాస్త్రం పట్టదు. నుదుటి మీద సుడి కళ్ల గీతకి పైన ఉందా కింద ఉందా, మెడకి ఏ పక్క ఉంది అని గుర్తు మాత్రం వేసుకుంటారు, ఒళ్లంతా ఒకే రంగు ఉన్న గుర్రాన్ని ఇంకోదానితో తారుమారు కాకుండా పట్టిచ్చేవి అవే. ఆపైన మెడలో ఎడమవైపు చిప్ పెడతారు, 15 అంకెల నంబరు. ఆ పాస్‌పోర్టు పుస్తకంలో టీకాలతో పాటు, ఈ గుర్రాన్ని ఎప్పటికైనా మాంసానికి పంపవచ్చా కూడదా అన్నది కూడా రాసి ఉంటుంది. ముఖం చిట్లించకండి, అక్కడ గుర్రపు మాంసం తినేవాళ్లు ఉన్నారు, దానికి ఇచ్చిన మందులు మనిషి కడుపులోకి చేరకుండా ఈ జాగ్రత్త.

పేరుకీ ఒక పద్ధతి ఉంది. పుట్టిన ఏడాదిని బట్టి పేరులో మొదటి అక్షరం ఉండాలి, 2010లో పుట్టినవాటికి ఎ, 2011కి బి, అలా వి దాకా వెళ్లి మళ్లీ మొదటికి వస్తారు. 2024లో పుట్టినదాని పేరు ఓతో మొదలవుతుంది. పేరు విని వయసు చెప్పెయ్యొచ్చు. థరోబ్రెడ్లకి మాత్రం ఈ రూలు లేదు.

ప్రశ్న: బొబ్బిలి మీదికి వచ్చిన బుస్సీ దొర కూడా ఆ కోట మనిషేనా? మా తాతగారు ఏదో చెప్పేవారు. – ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: కాదండీ. బుస్సీది ఉత్తర ఫ్రాన్స్‌లో సువాసోన్ వైపు. కాలం మాత్రం ఒకటే, 1757 జనవరిలో బొబ్బిలి కోట కూలేనాటికి వెర్సాయ్‌లో మేడమ్ ద పొంపదూర్ మాటకి తిరుగులేదు. మరుసటి ఏడాది చందుర్తిలో, 1759లో మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడి ఉత్తర సర్కారులు పోగొట్టుకున్నారు. ఆ మర్నాటి ఏడే ఆవిడ పొంపదూర్ అమ్మేసింది. రెండిటికీ లంకె పెట్టి కథ అల్లకండి, కాకతాళీయం.

ప్రశ్న: ఎలా వెళ్లాలి? మేము శాకాహారులం, తిండి దొరుకుతుందా? – ఒక జంట, పారిస్‌లో ఉంటున్న కాకినాడ వాళ్లు

జవాబు: పారిస్ ఆస్టర్లిట్జ్ స్టేషన్ నుంచి లిమోజ్ గానీ బ్రీవ్ గానీ రైల్లో వెళ్లి, అక్కడ కారు అద్దెకి తీసుకోండి, బస్సుల్ని నమ్ముకుంటే రోజంతా పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళితే రేసులు ఉండవు గానీ పచ్చికలో తల్లుల వెంట గుర్రప్పిల్లలు కనిపిస్తాయి, పదకొండు నెలలు మోసి వసంతంలోనే ఈనుతాయి కదా. లాయాలు, తోటలు ఎప్పుడు చూడనిస్తారో ముందే ఊళ్లోని టూరిస్టు ఆఫీసులో కనుక్కోండి. తిండి విషయానికొస్తే ఆ ప్రాంతం ఎర్రటి లిముజాన్ పశువులకి పేరు, అక్కడ హోటల్ మెనూ ఎలా ఉంటుందో ఊహించుకోండి. బంగాళాదుంప ‘పై’ (pie) అని రాసి ఉంటే సంబరపడకండి, అందులో పంది మాంసం కలిపేవాళ్లు ఉన్నారు, అడిగి తినండి. యాపిల్స్ మాత్రం ధైర్యంగా కొనండి, అక్కడి గోల్డెన్ రకానికి 2005లో ప్రాంతీయ గుర్తింపు వచ్చింది, మన జామకాయలా కరకరమంటాయి. ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్లినా తప్పు లేదు.