కావలిలో ఉండి ఎన్‌డీఏ ఫిజికల్‌కి ఎలా రెడీ అవ్వాలి?

తమ్ముడూ, ఇంటర్ ఎంపీసీ చదువుతూ ఎన్‌డీఏ (ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్లని తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరే పరీక్ష) రాస్తున్నా, కానిస్టేబుల్ బ్యాచ్ వాళ్లతో గ్రౌండ్‌కి పోతే రెండు రౌండ్లకే ఆయాసం వస్తోంది, ఫిజికల్‌లో పోతానేమో అని అడిగావు కదా, ముందు ఆ భయం తీసెయ్. కానిస్టేబుల్ ఈవెంట్స్ లాగా వాచీ పట్టుకుని 1600 మీటర్లు పరిగెత్తించి అక్కడికక్కడే ఇంటికి పంపే టెస్ట్ ఎన్‌డీఏకి లేదు. యూపీఎస్‌సీ రాత పరీక్ష, తర్వాత ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు వాళ్లు చేసే ఇంటర్వ్యూ, టెస్టులు), అందులో రికమెండ్ అయితే మెడికల్. కాకపోతే నోటిఫికేషన్‌లో ఇలా తయారై రండి అని ఒక మాట రాస్తారు, 2.4 కిలోమీటర్లు 15 నిమిషాల్లో, పుషప్స్ సిటప్స్ 20 చొప్పున, చినప్స్ 8, తాడు ఎక్కడం 3-4 మీటర్లు, ఇంకా స్కిప్పింగ్.

అందరూ ఆ మొదటిది చూసి పరుగు మీద పడతారు. లెక్కేసుకో, కిలోమీటరుకి ఆరుంపావు నిమిషాలు, రోజూ తెల్లారుజామున పోయేవాడికి అదేం పెద్ద విషయం కాదు. తుమ్మలపెంట బీచ్‌కి పోయి ఇసుకలో పరిగెత్తితే స్టామినా వస్తుందంటారు గానీ ఒడ్డు వాలుగా ఉంటుంది కదా, రోజూ పోతే ఒక మోకాలు పట్టేస్తుంది, వారానికి ఒకసారి చాలు. మన దగ్గర ఎండాకాలం ఏడు దాటాక అసలు పరిగెత్తొద్దు.

అసలు పని చేతులకి. ఎస్‌ఎస్‌బీలో ఇండివిడ్యువల్ ఆబ్‌స్టకిల్స్ అని ఉంటాయి, 10 అడ్డంకులు, 3 నిమిషాలు, ఒక్కోదానికి 1 నుంచి 10 దాకా పాయింట్లు, ఏది ముందు చెయ్యాలో నీ ఇష్టం. మా గ్రూపులో గుర్రంలా పరిగెత్తే అబ్బాయి ఒకడు ఉన్నాడు, తాడు దగ్గరికొచ్చేసరికి సగం కూడా ఎక్కలేక వేలాడుతూ ఉండిపోయాడు, టైమంతా అక్కడే పోయింది. నేను వేపచెట్టుకి మోకు కట్టుకుని నేర్చుకున్నా, కింద రెండు బస్తాల ఇసుక పోయించి. నైలాన్ తాడు వద్దు, అరచేతులు కాలిపోతాయి. ఒట్టి చేతులతో లాక్కోవాలని చూస్తే రెండు గుంజులకే అయిపోతావు, తాడుని కుడి పాదం మీదుగా పోనిచ్చి ఎడమ పాదంతో గట్టిగా తొక్కి పెట్టి, మోకాళ్లు పొట్ట దాకా ముడిచి, కాళ్ల మీద లేవాలి, చేతులు పట్టుకోడానికే. దిగేటప్పుడు జారకుండా చెయ్యి మార్చి చెయ్యి దిగు.

చినప్స్ ఒక్కటి కూడా రాకపోతే సిగ్గు పడాల్సిందేం లేదు. గోల్‌పోస్ట్ కడ్డీ పట్టుకుని ఎగిరి పైకెళ్లి మెల్లగా, ఐదారు అంకెలు లెక్కపెడుతూ దిగు. కొన్ని వారాలకి అదే వస్తుంది. అడ్డంకులు రెండు తగ్గినంత మాత్రాన తీసెయ్యరు, వాళ్లు చూసేది మొత్తం మనిషిని, కానీ అక్కడ భయపడి నిలబడిపోతే అందరికీ కనపడుతుంది.

చాలామంది పట్టించుకోనిది మెడికల్. చెవిలో గులిమి, బరువు ఎక్కువ, ఇలాంటి చిన్నవాటికి టెంపరరీ రిజెక్ట్ ఇస్తారు, అప్పీల్ చేసుకోవచ్చు గానీ అదంతా తిరుగుడే. రికమెండ్ అయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే నెల్లూరులో ఈఎన్‌టీ డాక్టర్‌కి, కంటి డాక్టర్‌కి ఒకసారి చూపించుకో, మోకాళ్లు రాసుకుంటున్నాయేమో, పాదం చదునుగా ఉందేమో కూడా అడుగు. రాత పరీక్ష అయ్యాక ఎస్‌ఎస్‌బీకి ఏ సెంటర్ పడిందో ఇక్కడే రాయి, మిగతాది అప్పుడు చెప్తా.