ఉప్పు తగ్గించమంటే ఎంత తగ్గించాలి?

మీ నాన్నగారికి 54 ఏళ్లు, బీపీ 150/94, డాక్టరుగారు మాత్ర రాసి "ఉప్పు తగ్గించండి, నడవండి" అన్నారు, ఎంతో ఎలాగో తెలియడం లేదని అడిగారు. ఎక్కువ ఇళ్లలో దెబ్బతినేది అక్కడే. కూరలో ఓ చిటికెడు తగ్గించి, ఆవకాయ మాత్రం ఎప్పటిలాగే కలుపుకుంటారు.

మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను లోపే, అన్నీ కలిపి. నలుగురున్న ఇంట్లో వంటకే కేజీ ప్యాకెట్టు 50 రోజులు రావాలి. పచ్చడి, అప్పడం, ఎండుచేప తినే ఇల్లయితే రెండు నెలలు దాటాలి. ప్యాకెట్టు విప్పిన తేదీ దాని మీదే రాసిపెట్టండి, నాలుకను నమ్మకండి. అన్నంలో, మజ్జిగలో ఉప్పు పూర్తిగా మానేయండి. ఎండుచేపను వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే కొంత పోతుంది గానీ అంతా పోదు, కాబట్టి నెలకు ఒకటి రెండుసార్లు చాలు. నిమ్మరసం, మిరియాలు, చింతపండు పులుపు పెంచితే చప్పదనం అంతగా తెలియదు. మూడు నాలుగు వారాల్లో నోరు అలవాటు పడుతుంది. "లో సోడియం" ఉప్పు మాత్రం డాక్టరుని అడగకుండా కొనకండి. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నా, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వాడుతున్నా అది ఒంట్లో పేరుకుని ప్రమాదం తెస్తుంది.

నూనె మనిషికి నెలకు అర లీటరు.

నడక వారానికి ఐదు రోజులు, అరగంట చొప్పున. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం. మన విశాఖ ఉక్కపోతకు ఎండెక్కకముందే ఆర్కే బీచ్‌కి వెళ్లడం మంచిది. చెమట పట్టిందని ఉప్పు కలిపిన నీళ్లు తాగనివ్వకండి. సాయంత్రం వెళ్తే ఉప్పుకారం చల్లిన మామిడికాయ ముక్కలు, బజ్జీలు దగ్గరికి రానివ్వకండి.

ఇంట్లో బీపీ చూసేటప్పుడు చేసే తప్పులే ఎక్కువ కంగారు పెడతాయి. కాఫీ తాగి అరగంట దాటాలి, మూత్రానికి వెళ్లి రావాలి, వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోవాలి. కాళ్లు నేల మీద ఉంచాలి, కాలు మీద కాలు వద్దు. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీదే, గుండె ఎత్తున ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే ఎక్కువ చూపిస్తుంది. చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. పొద్దున మాత్రకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం తేడాతో, ఏడు రోజులు రాయండి. మొదటి రోజు వదిలేసి మిగతావాటి సగటు చూడండి. ఇంట్లో అది 135/85 లోపు ఉండాలి. ఆ కాగితం డాక్టరుగారికి చూపించండి.

సగటు బాగుందని మాత్ర ఆపేయకండి, అది మాత్ర వల్లే బాగుంది. సిగరెట్టు, చుట్ట, అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం) ఏదైనా సరే పూర్తిగా మానాలి. రోజుకు ఒక్కటైనా గుండెకు ముప్పే.

ఛాతీ మధ్య బరువుగా ఉండి, దవడకో చేతికో పాకి, చెమటలు పడితే గ్యాస్ అనుకుని సోడా తాగించకండి. షుగరు ఉన్నవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం మాత్రమే రావచ్చు. బండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్లకుండా వెంటనే 108కి చేయండి.