పరుగెత్తే కుర్రాణ్ణి కారు గుద్దితే: రాజీ కాగితం మీద సంతకానికి ముందు తెలుసుకోవాల్సినవి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా రాప్తాడు మండలం. మా తమ్ముడికి 23 ఏళ్లు, డిగ్రీ అయిపోయింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు ఉంటుందని రోజూ తెల్లవారుజామున హైవే పక్కనున్న సర్వీసు రోడ్డులో ప్రాక్టీసు చేసేవాడు. ఇరవై రోజుల కిందట వెనక నుంచి వచ్చిన కారు గుద్దేసింది. కారాయన ఆపి, దిగి చూసి, మళ్లీ ఎక్కి వెళ్లిపోయాడు. పాలు పోయడానికి పోతున్న ఒకాయన నంబరు గుర్తుపెట్టుకుని, తమ్ముణ్ణి ఆటోలో పెద్దాసుపత్రికి చేర్చాడు. మోకాలి కింద ఎముక విరిగింది, రాడ్డు వేశారు. స్టేషన్లో ఇంతవరకు కేసు కట్టలేదు. కారు యజమాని తరఫున పెద్దమనుషులు వచ్చి, "రోడ్డు మీద పరుగెత్తడం మీవాడి తప్పే, రూ.50 వేలు తీసుకుని సంతకం పెట్టండి, కోర్టుకు పోతే ఏళ్లు పడుతుంది" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: సంతకం పెట్టకండి. అలాంటి కాగితాల్లో మామూలుగా రెండు వాక్యాలుంటాయి: "మావాడి పొరపాటు వల్లే జరిగింది", "ఇకపై ఎలాంటి క్లెయిమూ చేయం". రేపు మీరు పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్తే బీమా కంపెనీ వకీలు మొదట దాఖలు చేసేది ఆ కాగితాన్నే. స్టేషన్లో జరిగే పంచాయితీకి చట్టంలో చోటు లేదు. నిర్లక్ష్యపు డ్రైవింగ్‌కు సంబంధించిన భారతీయ న్యాయ సంహిత 281 సెక్షన్ రాజీ చేసుకునే నేరాల జాబితాలోనే లేదు. ఇంకో సంగతి ఆలోచించండి. కారుకు బీమా ఉంటే పరిహారం కట్టేది కంపెనీ, యజమాని జేబులోంచి పైసా పోదు. అయినా 50 వేలు చేతిలో పెట్టి తొందరపెడుతున్నారంటే బీమా కాలం తీరిపోయిందో, నడిపినవాడికి లైసెన్సు లేదో అని అనుమానించాలి. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే బీమా ఏ తేదీ వరకు ఉందో కనిపిస్తుంది. ఈరోజే చూసి, ఆ తెరను ఫొటో తీసి ఉంచుకోండి.

రోడ్డు పక్కన పరుగెత్తడం ఏ చట్టం కిందా నేరం కాదు. పాదచారులను నిషేధిస్తూ నోటిఫై చేసిన ఎక్స్‌ప్రెస్‌వేల సంగతి వేరు. సర్వీసు రోడ్డు ఉన్నదే ఊరి జనం కోసం. "అతని అజాగ్రత్త కూడా కొంత ఉంది" అని పరిహారం తగ్గించమనే వాదన మాత్రం తప్పకుండా వస్తుంది, దాని సంగతి కింద చెబుతాను.

మొదటి పని ఎఫ్‌ఐఆర్. ఆసుపత్రిలో చేర్చిన రోజే ఎమ్మెల్సీ (ఆసుపత్రి రాసే మెడికో-లీగల్ కేసు రికార్డు) నమోదై పోలీసులకు సమాచారం వెళ్లి ఉంటుంది. దాని నంబరు, తేదీ ఆసుపత్రి నుంచి తీసుకోండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం పోలీసులు ఫిర్యాదు తీసుకుని ఎఫ్‌ఐఆర్ కట్టాలి, నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. "ప్రాథమిక విచారణ చేస్తున్నాం" అన్నా, డీఎస్పీ అనుమతితో జరిగే ఆ విచారణకు గడువు 14 రోజులే. మీకు 20 రోజులు దాటిపోయాయి. స్టేషన్లో తీసుకోకపోతే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అప్పటికీ కదలిక లేకపోతే అఫిడవిట్ జతచేసి మేజిస్ట్రేటు కోర్టులో 175(3) కింద పిటిషన్ వేయొచ్చు. ఆలస్యం ఎందుకైందో ఫిర్యాదులోనే రాయండి: ఆపరేషన్, ఆసుపత్రిలో ఉండటం, రాజీ ఒత్తిడి. కారణం రాసి ఉంటే ఎఫ్‌ఐఆర్ ఆలస్యమొక్కటే చూపి క్లెయిమును కొట్టేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది.

ఫిర్యాదులో కేసులు దెబ్బతినేది ఒక్క వాక్యం దగ్గర. "మా తమ్ముడు రోడ్డు మీద పరుగెత్తుతుండగా" అని వదిలేస్తే, తర్వాత పోలీసులు గీసే ప్రమాద స్థలం స్కెచ్‌లో "అకస్మాత్తుగా అడ్డం వచ్చాడు" అని చేరిపోతుంది. ఏ దిక్కుకు పోతున్నాడు, రోడ్డుకు ఏ అంచున ఉన్నాడు, తారు మీదా పక్కనున్న మట్టి అంచు మీదా, కారు వెనక నుంచి వచ్చిందా, వీధి దీపం వెలుగుతోందా, కారు లైట్లు ఉన్నాయా అన్నీ రాయాలి. అతనికి గుర్తు లేనిది మాత్రం రాయకండి, కోర్టులో ఎదుటి వకీలు చేసే క్రాస్‌లో అదే చిక్కవుతుంది.

సెక్షన్ల సంగతి. భారతీయ న్యాయ సంహిత 281 నిర్లక్ష్యపు డ్రైవింగ్, ఆరు నెలల దాకా జైలు లేదా రూ.1000 జరిమానా లేదా రెండూ. ఎముక విరిగింది కాబట్టి ఇది తీవ్రగాయం. 125(బి) పడాలి: మూడేళ్ల దాకా జైలు లేదా రూ.10 వేల జరిమానా లేదా రెండూ. కొన్నిసార్లు మామూలు గాయానికి పెట్టే 125(ఎ)తో సరిపెడతారు. డాక్టరు గాయాల వివరాలు రాసిచ్చే వూండ్ సర్టిఫికెట్‌లో ఫ్రాక్చర్ అని, తీవ్రగాయం అని స్పష్టంగా ఉండేలా చూసుకోవాల్సింది అందుకే. గాయపడినవాణ్ణి వదిలి వెళ్లాడు కాబట్టి మోటారు వాహనాల చట్టం 134తో పాటు 187 కూడా అడగండి. వైద్యసాయం అందించడం, 24 గంటల్లో పోలీసులకు చెప్పడం డ్రైవరు బాధ్యత. తప్పితే ఆరు నెలల దాకా జైలు లేదా రూ.5 వేల దాకా జరిమానా లేదా రెండూ. ఇవన్నీ బెయిలబుల్. డ్రైవరును ఆ సాయంత్రమే ఇంటికి పంపితే పోలీసులు అమ్ముడుపోయారని అనుకోకండి, చట్టమే అలా ఉంది. గుద్ది పారిపోతే పదేళ్లు అని మీరు విన్న సెక్షన్ చనిపోయిన కేసులకు సంబంధించినది, దాన్ని కేంద్రం ఇంకా అమల్లోకి తేలేదు.

నా దృష్టిలో డ్రైవరుకు జైలు కన్నా గట్టిగా తగిలేది లైసెన్సు. ప్రమాదకర డ్రైవింగ్ కింద మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్ కూడా చేరితే, 206(4) కింద లైసెన్సు తీసుకుని రవాణా అధికారికి పంపే అధికారం పోలీసులకుంది. 19వ సెక్షన్ కింద మొదటిసారికి మూడు నెలలు పనికిరాకుండా చేయొచ్చు. అడిగేవాళ్లు లేక దీన్ని వదిలేస్తుంటారు. దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అడగండి.

ఇక సాక్ష్యం. సీసీ కెమెరాల్లో పాత రికార్డు మీద కొత్తది పడిపోతుంది, చాలాచోట్ల రెండు మూడు వారాలే ఉంటుంది. ఆ దారిలోని పెట్రోలు బంకు, ధాబా, దుకాణాలకు రేపే వెళ్లి, ఆ తేదీ ఆ సమయం రికార్డు భద్రపరచాలని రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. అదే లేఖ స్టేషన్లోనూ ఇవ్వండి. కారు హైవే ఎక్కి ఉంటే మరూరు టోల్‌ప్లాజా ఫాస్టాగ్ రికార్డు కూడా పనికొస్తుంది, కానీ దాన్ని తెప్పించాల్సింది పోలీసులే. వీడియో కాపీ ఊరికే పెన్‌డ్రైవ్‌లో తెస్తే చాలదు. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ లేకుంటే కోర్టులో చదవరు. తమ్ముడి ఫోన్లో పరుగు యాప్ ఉంటే దాన్ని చెరపకండి. ఏ సమయంలో, ఏ దారిలో, ఎంత వేగంతో పోతున్నాడో, ఎక్కడ ఆగిపోయాడో తెలుస్తుంది. అయితే జీపీఎస్ కొన్ని మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. రోడ్డుకు ఏ అంచున ఉన్నాడనే దానికి దాన్ని నమ్ముకోవద్దు. రక్తం అంటిన బూట్లు, చొక్కా ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టండి. ఉదయపు చీకట్లో ఏ రంగు బట్టలు వేసుకున్నాడో అవే చెబుతాయి.

పాలాయన వాంగ్మూలం ముఖ్యం. ఆయన భయపడుతుంటే చెప్పండి: గాయపడినవాళ్లను చేర్చిన వ్యక్తిపై సివిల్, క్రిమినల్ బాధ్యత పెట్టకూడదని మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ ఉంది, సాక్షిగా రావడం పూర్తిగా ఆయన ఇష్టం.

ఒక మోసం గురించి ముందే జాగ్రత్త పడండి. లైసెన్సు లేని కొడుకు నడిపితే, లైసెన్సున్న మేనల్లుణ్ణో డ్రైవరునో స్టేషన్‌కు తెచ్చి "నేనే నడిపాను" అనిపిస్తారు. ఎవరు నడిపారో చెప్పాల్సిన బాధ్యత అదే చట్టం 133 కింద యజమానిది. పాలాయన చూసిన మనిషి పోలికలు ఫిర్యాదులోనే ఉండాలి. అనుమానముంటే ఆ సమయానికి ఫోన్ ఏ టవర్ కింద ఉందో తెప్పించమని దర్యాప్తు అధికారిని అడగండి.

పరిహారం. 2022 ఏప్రిల్ 1 నుంచి పోలీసుల పనికి తేదీలు ఉన్నాయి: 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో ఫారం 7లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు. దాన్నే క్లెయిము దరఖాస్తుగా తీసుకునే వీలుంది. ఆచరణలో ఇవి ఆలస్యమవుతాయి కాబట్టి మీ సొంత పిటిషన్ మోటారు వాహనాల చట్టం 166 కింద వేయండి. ప్రమాదం జరిగిన చోటైనా, మీరుండే చోటైనా వేయొచ్చు, కాబట్టి అనంతపురం ట్రిబ్యునల్ సరిపోతుంది. గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలు. దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు గానీ, ఆ తీర్పు మీద ఆశ పెట్టుకుని ఆగకండి.

ఎంత రావచ్చు? ఉదాహరణకు ట్రిబ్యునల్ నెలకు రూ.12 వేలు ఊహా ఆదాయంగా తీసుకుందనుకోండి. ఏడాదికి 1,44,000. భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపితే 2,01,600. పని సామర్థ్యం 20 శాతం తగ్గిందంటే 40,320. 23 ఏళ్ల వయసుకు సుప్రీంకోర్టు సర్లా వర్మ తీర్పు ప్రకారం గుణకం (వయసును బట్టి ఏడాది నష్టాన్ని హెచ్చవేసే అంకె) 18, మొత్తం రూ.7,25,760. దీనికి ఆసుపత్రి ఖర్చులు, నొప్పి బాధలు, తోడున్నవాళ్ల ఖర్చు, రేపు రాడ్డు తీసే ఆపరేషన్ ఖర్చు, పిటిషన్ వేసిన నాటినుంచి వడ్డీ అదనం. ఇవి నా ఊహా అంకెలే, మీ కేసులో మారతాయి. 50 వేలతో పోల్చుకోవడానికి మాత్రం పనికొస్తాయి.

కానిస్టేబుల్ జీతాన్నే ఆదాయంగా లెక్కకట్టమంటే ట్రిబ్యునల్ ఒప్పుకోదు, ఉద్యోగం ఇంకా రాలేదు కదా. కానీ రాత పరీక్ష ఫలితం, హాల్‌టికెట్, కోచింగ్ రసీదులు పెడితే పరుగు అవసరమైన ఉద్యోగాలకు అతను పనికిరాకుండా పోయాడని చూపొచ్చు. మెడికల్ బోర్డు ఇచ్చేది కాలి వైకల్యం శాతం. దానివల్ల సంపాదన ఎంత తగ్గిందన్నది వేరే లెక్క, 2011లో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరంగా చెప్పింది. డాక్టరును సాక్షిగా పిలిపించడానికి మీ వకీలు బద్ధకించకూడదు. చాలా కేసుల్లో డబ్బు పోయేది ఇక్కడే.

జాగ్రత్త, అదే చట్టం 164 కింద తప్పు ఎవరిదో నిరూపించకుండానే తీవ్రగాయానికి రూ.2.5 లక్షలు వస్తాయి. బీమా కంపెనీ అధికారి ఆ మొత్తం ఇస్తానంటే ఆశగానే ఉంటుంది. దాన్ని తీసుకుంటే మీ 166 పిటిషన్ రద్దయిపోతుంది.

అజాగ్రత్త వాదనకు వస్తే, కంపెనీ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి: చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయా, నల్ల చొక్కానా, వాహనాలకు వీపు పెట్టి పరుగెత్తాడా, ఇద్దరు ముగ్గురు పక్కపక్కన పోతున్నారా. నిజం చెప్పమనండి. ఉన్నా పరిహారంలో కొంత శాతం తగ్గుతుందే తప్ప క్లెయిము పోదు, పైగా నిరూపించే భారం కంపెనీదే. మీ ఊళ్లో మిగతా కుర్రాళ్లకు మాత్రం చెప్పండి: ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడి అంచున, ఒకరి వెనక ఒకరు, వెలుగు పడితే మెరిసే పట్టీ కట్టుకుని పోవాలి.

బీమా లేదని తేలితే పరిహారం యజమాని మీదే పడుతుంది. పట్టుకున్న కారును పూచీ పెట్టకుండా వదలొద్దని మేజిస్ట్రేటు కోర్టులో వెంటనే మెమో వేయించండి, కారు పోలీసుల చేతిలో ఉన్నంతవరకే ఆయన మీ మాట వింటాడు. డ్రైవరుకు లైసెన్సు లేకపోయినా బీమా ఉంటే, ముందు కంపెనీ కట్టి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని ట్రిబ్యునళ్లు ఆదేశిస్తుంటాయి.

వకీలుకు ఇవ్వడానికి డబ్బు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థను అడగండి, ఫోను 15100. కేసు లోక్ అదాలత్‌కు వస్తే వెళ్లండి గానీ, వైకల్య ధ్రువపత్రం, రాడ్డు తీసే ఖర్చు అంచనా చేతికి రాకముందు అంకెకు ఒప్పుకోకండి. అక్కడ కుదిరిన అవార్డు మీద అప్పీలు ఉండదు.