మిగిలిన ఎరను పక్క సరస్సుకు పట్టుకెళ్లొచ్చా?

ప్రశ్న: అంకుల్, వచ్చే నెల మా ఆఫీసు వాళ్లు నన్ను అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్ అనే ఊరికి పంపిస్తున్నారు. మాది భీమవరం దగ్గర పల్లె, చిన్నప్పటి నుంచి గాలం పిచ్చి. అక్కడ చేపల ఎర మీద కూడా ఆంక్షలున్నాయట, నిజమేనా? ఒక సరస్సులో మిగిలిన ఎర ఇంకో సరస్సుకు తీసుకెళ్తే ఏమవుతుంది?

జవాబు: ఏమవుతుందో నాకు తెలిసినంత బాగా ఈ బెంగళూరు మారతహళ్లిలో ఇంకెవరికీ తెలియదులే బాబూ. అలా తీసుకెళ్లి దొరికిపోయినవాణ్ణి నేనే.

నేను 2008 జనవరిలో ఆ ఊళ్లోనే దిగాను. సాయంత్రం ఐదింటికే చీకటి, కిటికీ బయట మంచు. శుక్రవారం ఆఫీసులో బై చెప్పానంటే మళ్లీ సోమవారం దాకా నోరు తెరిచే పనుండేది కాదు. నువ్విప్పుడు కింద మెస్సులో గోంగూర అడిగి రెండోసారి వేయించుకుంటున్నావు చూడు, అక్కడ అడగడానికి మనిషి ఉండడు. గది తుడిచి, కుక్కరు కడిగి, అమ్మకు ఫోన్ చేసి గడియారం చూస్తే శనివారం పొద్దున పదకొండు కూడా అయ్యేది కాదు. ఆ ఒంటరితనం తట్టుకోలేకే, మంచు కరగ్గానే గాలం కొన్నాను. చేపల కోసం కాదు.

ఎర అమ్మే కొట్టు ఒక ముసలాయనది. తొట్టెలో బుడగలు వస్తూ ఉండేవి, అందులో మన పరిగెల్లాంటి మిన్నో చేపలు. చిన్న వలతో తీసి డజను లెక్కపెట్టి, పైన రెండు కొసరు వేసేవాడు. అమెరికాలో కొసరు! ఆ రెండు చేపల కోసం కాదు గానీ, ఆయన 'ఈ వారం ఏమన్నా పడ్డాయా' అని అడుగుతాడని వారం వారం వెళ్లేవాణ్ణి.

జూన్‌లో ఒక శనివారం విన్నెబాగో సరస్సు ఒడ్డున మధ్యాహ్నం దాకా కూర్చున్నా బెండు కదల్లేదు. బకెట్లో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. మనూళ్లో ఏం చేస్తాం? చెరువు నీళ్లు ఒక మగ్గు ముంచి పోస్తాం. అదే చేశాను. డబ్బులు పెట్టి కొన్న ఎర పారబోయడానికి మనసొప్పక, అరగంట దూరంలో ఉన్న ఇంకో చిన్న సరస్సుకు బకెట్‌తో సహా వెళ్లాను. అక్కడ వార్డెన్, అంటే చేపల వేట రూల్స్ చూసే ప్రభుత్వ అధికారి, ఉన్నాడు. 'ఇవెక్కడివి?' అన్నాడు. ధీమాగా కొట్టు బిల్లు చూపించాను. 'మరి నీళ్లో?' అన్నాడు.

నిజం చెప్పేశాను. హెచ్చరిక కాగితం రాసిచ్చి, చేపల్ని చెత్తడబ్బాలో వేయించి, పది నిమిషాలు నిలబెట్టి పాఠం చెప్పాడు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, ఒక మాట చెప్పనా, ఆ వారాంతం నాతో పది నిమిషాలు మాట్లాడిన మనిషి ఆయనొక్కడే.

ఆయన చెప్పింది ఇదీ. వైరల్ హెమరేజిక్ సెప్టిసీమియా అని చేపలకో వైరస్ జబ్బు, పొట్టిగా వీహెచ్‌ఎస్. కళ్లు ఉబ్బుతాయి, చర్మం మీద, రెక్కల మొదళ్లలో, లోపలి అవయవాల్లో రక్తం చిమ్ముతుంది. మనుషులకు అంటదు. 2005, 2006ల్లో గ్రేట్ లేక్స్ అనే అక్కడి మహా సరస్సుల్లో చేపలు కుప్పలుగా చచ్చింది దీనివల్లే. 2007 మేలో విన్నెబాగోలోనే డ్రమ్ అనే చేపల్లో బయటపడింది. జబ్బు చేప మూత్రంతో వైరస్ నీళ్లలో కలుస్తుంది, చల్లటి నీళ్లలో రోజుల తరబడి బతుకుతుంది. అంటే నేను పోసిన ఆ ఒక్క మగ్గు చాలు, పక్క సరస్సుకు జబ్బు మోసుకెళ్లడానికి. 2016లో మన అలసూరు చెరువులో వేల చేపలు తేలితే అందరూ మురుగని, ఆక్సిజన్ అందలేదని అన్నారు, అది నిజమే. కానీ ఆ అలవాటుతో అక్కడ అద్దంలాంటి నీళ్లు చూసి జబ్బేముంటుందిలే అనుకోకు. నేనలాగే అనుకున్నాను.

రూలు క్లుప్తంగా ఇది. పట్టిన చేపను బతికుండగా సరస్సు దాటించకూడదు. ఆ రాష్ట్రంలో లైసెన్సున్న కొట్లో కొన్న మిన్నోలు మిగిలితే అదే సరస్సులో మళ్లీ వాడుకోవచ్చు. వేరే సరస్సుకైతే బకెట్లో సరస్సు నీళ్లు గానీ, వేరే చేపలు గానీ కలిసి ఉండకూడదు. పడవలో నీళ్లు అక్కడే ఖాళీ చేయాలి. మిగతావి విస్కాన్సిన్ సహజ వనరుల శాఖ వెబ్‌సైట్లో చదువుకో. మీ తరానికి అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి, చదివే ఓపికే లేదు.

అన్నట్టు, మిగిలిన వానపాముల్ని చెట్టు మొదట్లో వదిలి పుణ్యం చేశాననుకోకు, అవీ చెత్తడబ్బాకే. ఆ ఉత్తరాది అడవుల్లో హిమయుగం తర్వాత వానపాములే లేవట, మనుషులు తెచ్చినవి అక్కడి నేల మీది ఆకుల పొరనంతా తినేస్తున్నాయి. రైతు బిడ్డను, ఇది నమ్మడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఎర కొట్టు మాత్రం మొదటి వారమే వెతుక్కో. కొనకపోయినా వెళ్లు. పద్దెనిమిదేళ్లలో ఇల్లు కొన్నాను, పిల్లల్ని చదివించాను, తిరిగొచ్చి ఇక్కడ ఫ్లాట్ తీసుకున్నాను. ఆ మొదటి ఏడాది శనివారాలు మాత్రం ఎలా గడిచాయో ఇప్పటికీ ఎవరికీ చెప్పను. నీకు అక్కడ తోచకపోతే శనివారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చెయ్యి. వేసవిలో అయితే ఇక్కడ రాత్రి ఏడున్నర అవుతుంది. పిల్లలు అక్కడే ఉండిపోయారు కదా, ఆ టైముకు నేనూ ఖాళీయే.